బోరు నీళ్ళ గారకి నిమ్మ ఉప్పు, నాలుగేళ్ళు వాడాక

మాది గుంటూరు, గోరంట్ల వైపు అపార్ట్‌మెంట్. తాగడానికి క్యాన్లు తెప్పిస్తాం, మిగతా అన్నిటికీ బోరు నీళ్ళే. ఎలాంటి నీళ్ళంటే స్టీలు గ్లాసు కడిగి తుడవకుండా బోర్లిస్తే పొద్దున్నకల్లా తెల్ల మచ్చలు, కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకు పలుకే. దిగిన ఏడాదికే షవర్ బొక్కలు సగం పూడిపోయి నీళ్ళు నెత్తిన కాకుండా గోడ మీద పడేవి.

మొదట్లో అందరిలాగే బాత్రూం యాసిడ్ పోయించా. గార పోయింది, పంపు మీద మెరుపూ పోయింది, ఆ ఘాటుకి రెండ్రోజులు దగ్గాను. అప్పుడు పట్టుకున్నా నిమ్మ ఉప్పుని. అదేనండీ, పాలు విరగ్గొట్టడానికి వాడతాం కదా, సిట్రిక్ యాసిడ్, కిరాణా కొట్లో పంచదార పలుకుల్లా దొరికేది.

లీటరు వేడి నీళ్ళకి రెండు పెద్ద స్పూన్లు. షవర్ తల విప్పి అందులో వేసి రెండు మూడు గంటలు వదిలేస్తా, తీసేసరికి మగ్గు అడుగున గుడ్డు పెంకు ముక్కల్లా పెచ్చులు తేలతాయి, మిగిలిన బొక్కల్లో పిన్నీసు పెట్టి పొడిస్తే చాలు. విప్పడం కుదరని పంపుకైతే పాత బనీను గుడ్డ తడిపి చుట్టి గంట ఆగుతా, అంతకంటే వద్దు, పైపూత పాడవుద్ది. కెటిల్‌కి ఒక్క స్పూను, నీళ్ళు కాచి ఆపేసి అరగంట, తర్వాత మంచినీళ్ళు ఒకసారి కాచి పారబోయాలి, లేదంటే టీ పుల్లగా వస్తుంది (వచ్చింది కూడా, చుట్టాల ముందు).

వెనిగర్ కూడా పనిచేస్తుంది, కాకపోతే ఇల్లంతా నూడిల్స్ బండి వాసన. నిమ్మ చెక్కలు కొత్తగా పట్టిన మచ్చలకి ఓకే, ఎండాకాలం కాయ రేటు చూశాక మాత్రం రుద్దబుద్ధి కాదు. మా అత్తయ్యగారు దేనికైనా చింతపండే అంటారు, ఇత్తడి చెంబుకి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటా, మందంగా కట్టిన గార మీద మాత్రం దాని పప్పులుడకవు. ఇక వీడియోల్లో వెనిగర్, తినే సోడా కలిపి చూపిస్తారే, బుసబుసా పొంగడమే తప్ప అక్కడేం లేదు, ఒకటి పులుపు ఇంకోటి క్షారం, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి.

బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం వీటిలో ఏదీ కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూంలో ప్రమాదం. గీజర్ జోలికి నేను వెళ్ళలేదు, మెకానిక్‌ని పిలిచా, ఊడదీస్తే కాయిల్ చుట్టూ వేలు మందాన కట్టి ఉంది. నీళ్ళు వేడెక్కే చోటే ఎక్కువ పేరుకుంటుందట, అందుకే బకెట్ కంటే కెటిల్‌కి తొందరగా పట్టేది.

గార మళ్ళీ రాకుండా ఆపుతుందా అంటే ఆపదు, నీళ్ళు అవే కదా, నెలకోసారి చేసుకోవాల్సిందే. నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే, ఓసారి మగ్గు ఒలికి బాత్రూం గడపకి వేసిన తెల్ల మార్బుల్ మీద పడింది, తర్వాత తుడుద్దాంలే అనుకున్నా. మార్బులూ గారా రెండూ కాల్షియం కార్బొనేటే అని అప్పుడు తెలీదు. అరచెయ్యంత మేర గరుకుగా తేలిపోయింది, ఇప్పటికీ కాలికి తగులుతూనే ఉంటుంది.