పాత ప్లేస్టేషన్ 2ని పోర్టబుల్‌గా మార్పించిన అనుభవం

మా నాన్నగారు 2006లో కొనిచ్చిన స్లిమ్ ప్లేస్టేషన్ 2 అనే వీడియోగేమ్ యంత్రంలో డిస్కు చదివే భాగం రెండేళ్ల కిందట పాడైంది. లెన్సు మార్పించినా నెల తిరగకుండానే మళ్లీ మొండికేసింది. అవే ఆటలను ఫోనులో ఎమ్యులేటర్ (ఆ యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టుకొని ఆడవచ్చని చాలామంది చెప్పారు గానీ, నాకు కావలసింది ఆ యంత్రమూ, తమ్ముడూ నేనూ హైస్కూలు రోజుల్లో ఆడి దాచుకొన్న ఆ 8 ఎంబీ మెమరీ కార్డూను. అందుకే విశాఖలో ద్వారకానగర్ వైపున్న ఒక చిన్న మరమ్మతు దుకాణంలో ఇచ్చి, తెర, బ్యాటరీ, బటన్లు అన్నీ ఒకే పెట్టెలో ఇమిడేలా చేయించాను. సామానుకూ పనికీ కలిపి 18,500 రూపాయలయింది. నాలుగు వారాలన్నది ఏడు వారాలు పట్టింది.

డిస్కు భాగాన్ని పూర్తిగా తీసేశారు. మొదటి మెమరీ కార్డు స్లాటును అలాగే ఉంచి, రెండో స్లాటుకు వెళ్లే తీగలకు మైక్రో ఎస్‌డీ కార్డును కలిపారు. మా డిస్కుల నుంచి తీసుకొన్న ప్రతులు ఇప్పుడు దాని నుంచే నడుస్తున్నాయి. యూఎస్‌బీ ద్వారా నడిపితే ఖర్చు తగ్గేది గానీ, ప్లేస్టేషన్ 2లో ఉన్నది పాత, నెమ్మదైన యూఎస్‌బీ 1.1 కనుక ఆట మధ్యలో వచ్చే వీడియోలు ఆగి ఆగి నడుస్తాయని వారే ముందుగా వివరించి వద్దన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం తెర. మొదట వారు పెట్టినది కార్లలో వెనుక కెమెరాకు వాడే ఏడంగుళాల తెర. దానికి వెళ్లేది కాంపోజిట్ సిగ్నల్, అంటే వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి ప్రయాణిస్తాయి. పెద్ద బొమ్మలు పరవాలేదు గానీ, మెనూలోని ఎర్రని అక్షరాలు అంచుల దగ్గర చెదిరిపోయి, అంకెల్లో 6 ఏదో 8 ఏదో కళ్లు చికిలించి చూసినా తెలియలేదు. మరో 2,200 రూపాయలు ఇచ్చి, వెలుగునూ రంగునూ వేర్వేరు తీగల్లో తెచ్చే కాంపోనెంట్ సిగ్నల్ తీసుకొనే బోర్డుతో వేరే తెర పెట్టించాను. అదే మెనూ తెరిచినప్పుడు అక్షరాలు గీత గీసినట్టు నిలిచాయి. ఈ పని చేయించుకొనేవారు ధర మాట్లాడే ముందే ఏ సిగ్నల్ తెర పెడతారో అడిగి తెలుసుకోవాలి.

బటన్ల విషయంలో మాత్రం నాకు అసంతృప్తి మిగిలింది. ప్లేస్టేషన్ 2తో వచ్చే డ్యూయల్‌షాక్ 2 కంట్రోలర్‌లో చాలా బటన్లు ఎంత గట్టిగా నొక్కామో కూడా గుర్తిస్తాయి. వీరు వాటి స్థానంలో టిక్కుమనే మామూలు స్విచ్చులు వేయడంతో, కార్ల ఆటల్లో ఇదివరకు మెల్లగా నొక్కి వేగం పెంచిన మలుపుల్లో ఇప్పుడు బండి ఒక్కసారిగా దూకి గట్టుకు తగులుతోంది. అసలు కంట్రోలర్‌లోని రబ్బరు, బోర్డు తీసి వాడితే ఈ నష్టం ఉండేది కాదు.

అసలు అడాప్టర్ ఇచ్చేది 8.5 వోల్టులు, రెండేసి లిథియం సెల్స్‌ను వరుసగా కలిపితే నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు వస్తాయి కాబట్టి అటువంటి నాలుగు సెల్స్ అమర్చారు. అరకు వెళ్లే ఉదయపు రైలులో పరీక్షించాను. విశాఖ స్టేషనులో మొదలుపెడితే రెండున్నర గంటలు నడిచి, బొర్రా గుహల స్టేషను రాకముందే ఆగిపోయింది. కిటికీ ఎండలో తెర వెలవెలబోయింది గానీ, సొరంగాల చీకటిలో ఎంత బాగా కనిపించిందంటే, ఎదుటి సీటులోని పిల్లవాడు వాళ్లమ్మ ఒడిలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

నలభై నిమిషాలు ఆడితే వెనుకవైపు ఎడమచేతి వేళ్ల కింద వేడి తెలుస్తుంది. మన ఉక్కపోతలో అది ఇంకాస్త ఎక్కువే. పైగా మూడో వారంలో ఛార్జింగ్ సాకెట్ దగ్గర టంకం ఊడింది. డబ్బు అడగకుండా, నా ఎదుటే పెట్టె విప్పి అతికించారు. అప్పుడే లోపలి తీగలు చూశాను: పొట్టిగా, వరుసగా, ఎక్కడా ఒకదానిమీద ఒకటి పడకుండా ఉన్నాయి. బీచ్‌రోడ్డు ఇళ్లలో ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుందని, బోర్డు మీద పూత కూడా వేసి ఇచ్చారు. ఇంటికి వచ్చి పాత కార్డు పెట్టి చూస్తే, తమ్ముడి పేరుతో దాచిన ఆట ఇంకా అలాగే ఉంది.