‘డల్లాస్’: వీలునామా మరచిన భార్య వాటా

1978 నుంచి 1991 వరకు అమెరికాలో సీబీఎస్ ప్రసారం చేసిన ‘డల్లాస్’ ధారావాహికను ఇప్పుడు చూసినా దాని కుట్రలు, పగలు మనలను కదలనివ్వవు గాని, కథ న్యాయస్థానం మెట్లెక్కినప్పుడు మాత్రం తడబడుతుంది.

చమురు వ్యాపారి జాక్ ఈవింగ్ మరణం తరువాత చదివిన వీలునామా ప్రకారం అతని కొడుకులు జేఆర్, బాబీ కంపెనీని ఏడాదిపాటు చెరిసగం నడపాలి. ఎక్కువ లాభం చూపినవారికి 51 శాతం వాటా దక్కుతుంది. అన్నదమ్ముల వైరానికి ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదు. అయితే కథ జరిగే టెక్సాస్ రాష్ట్ర చట్టం ప్రకారం వివాహకాలంలో దంపతులు సంపాదించినది సాధారణంగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి అవుతుంది, ఒకరి స్వంత ఆస్తిపై వచ్చే ఆదాయం కూడా అందులోకే చేరుతుంది, కాబట్టి ఆ ఉమ్మడిలో భర్త వీలునామా రాయగలిగేది తన సగానికే. దశాబ్దాలు కాపురం చేసిన జాక్ భార్య మిస్ ఎల్లీకి ఇందులో ఎంత వస్తుందన్నది ఏ వకీలైనా మొదట అడగవలసిన ప్రశ్న. జాక్ వీలునామాను ఆమె సవాలు చేసినప్పుడు మాత్రం వాదన అతని మానసిక స్థితి చుట్టూనే తిరుగుతుంది. తన ఆస్తి ఏమిటో, తనవారెవరో, తాను రాస్తున్నదాని ఫలితమేమిటో గ్రహించగల స్థితి ఉంటే చట్టానికి దాదాపు సరిపోతుంది గనుక, ఆమె ఓడిపోవడం సబబుగానే ఉంది. తీర్పులో తప్పు లేదు, తప్పంతా ఎంచుకున్న వాదనలోనే ఉంది. (మిస్ ఎల్లీ పాత్రకు 1984లో తీసుకున్న నటి డోనా రీడ్‌ను మరుసటి ఏడాదే తప్పించగా, ఆమె ఒప్పంద ఉల్లంఘనపై దావా వేసి రాజీలో పరిహారం పొందారు. తెరమీది మిస్ ఎల్లీకి దొరకని వకీలు తెరవెనుక దొరికాడన్నమాట.)

1985లో కారు ఢీకొని చనిపోయిన బాబీ 1986లో స్నానాలగదిలో ప్రత్యక్షం కావడం, మధ్యలోని 31 భాగాలూ అతని మాజీ భార్య పామ్ కన్న కలగా తేలిపోవడం అందరికీ తెలిసిన వింతే. పామ్ లేనిచోట జరిగిన సంభాషణలు సైతం ఆమె కలలోకి ఎలా వచ్చాయో ఎవరూ చెప్పరు. ‘డల్లాస్’కు అనుబంధంగా పుట్టిన ‘నాట్స్ ల్యాండింగ్’ ధారావాహికలోనైతే అన్న గ్యారీ బాబీ మరణానికి దుఃఖించాడు, ఆ మరణాన్ని అక్కడ ఎన్నడూ రద్దు చేయలేదు.

ఇన్ని లోపాలున్నా, కొత్తగా చూసేవారు వీలునామా పోటీ సాగిన 1982–83 భాగాలను వదలకూడదు. కల భాగాలను మాత్రం, సమయం తక్కువైతే, నిశ్చింతగా దాటవేయవచ్చు. రచయితలే వాటిని కొట్టివేశారు.