చోలెంటా, దఫీనానా: ఒకే గిన్నెలో కోషర్ గొడ్డుమాంసం వండటానికి ఏది మేలు?

శుక్రవారం పొద్దుగూకక ముందే పొయ్యెక్కి, శనివారం మధ్యాహ్నం భోజనానికి దిగే మాంసపు గిన్నె యూదుల వంటిళ్లలో ఎన్నో రూపాల్లో కనిపిస్తుంది. తూర్పు యూరప్‌లో స్థిరపడిన అష్కెనాజీ కుటుంబాల చోలెంట్, మొరాకో యూదుల దఫీనా వాటిలో పేరున్నవి. శుక్రవారం పొద్దుగూకడంతో మొదలై శనివారం సాగే విశ్రాంతి దినాన నిప్పు రాజేయకూడదన్న, వారి ధర్మగ్రంథమైన నిర్గమకాండపు ఆజ్ఞ నుంచే రెండూ పుట్టాయి కాబట్టి పద్ధతి ఒకటే, రుచి మాత్రం వేరు.

మాంసం కోషర్, అంటే యూదుల ఆహార నియమాలకు సరిపడినది, కావాలి. ఈ విషయంలో రెండింటికీ తేడా లేకపోయినా, మొదటిసారి వండేవారు తడబడేది ఇక్కడే. అదే గ్రంథాల్లోని ఆదికాండంలో, పెనుగులాటలో తుంటి దెబ్బతిన్న పూర్వీకుడు యాకోబు వృత్తాంతాన్ని బట్టి తుంటినరం తినరు. ఆ నరాన్నీ, నిషిద్ధమైన కొవ్వునీ తొలగించడం చాలా శ్రమతో కూడిన పని కావడంతో అమెరికాలోని కోషర్ దుకాణాలు సాధారణంగా పశువు ముందు భాగాన్నే అమ్ముతాయి. ఈ వంటకు అది లాభమే. ఛాతీ, భుజం, ముందుకాలి కండరాల్లో ఉండే కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ గంటల తరబడి సన్నని వేడి తగిలితే జెలటిన్‌గా మారి, పులుసుకు పిండి కలపకుండానే చిక్కదనం ఇస్తుంది.

ఇక ఉప్పు సంగతి. రక్తం పోవడానికి మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, ముతక ఉప్పు పట్టించి గంటసేపు ఉంచి, మూడుసార్లు కడుగుతారు. కొట్లో కొనే మాంసానికి ఈ పని ముందే అయిపోయి ఉంటుంది. ఎంత కడిగినా కొంత ఉప్పు లోపల నిలిచిపోతుంది కనుక, మనం మామూలుగా వేసే దానిలో సగంతో మొదలుపెట్టడం క్షేమం. మాంసాన్ని పాలతో కలపరాదు కాబట్టి నెయ్యి, వెన్న, పెరుగు దరిదాపులకు రాకూడదు. ఉల్లిపాయలు నూనెలోనే వేయించాలి. గిన్నె, గరిటె కూడా పాల వంటకు వాడనివై ఉండాలి.

చోలెంట్‌లో మాంసంతో పాటు మూలుగ ఎముకలు, రాజ్మా వంటి గింజలు, బార్లీ, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, పాప్రికా కారం పడతాయి. అన్నీ ఒకదానిలో ఒకటి కరిగి ముదురు గోధుమరంగు ముద్దలా తయారవుతుంది. చలికాలంలో ఒక గిన్నెడు తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు. అయితే దీనిలో రెండు చిక్కులు ఉన్నాయి. రాజ్మాలో సహజంగా ఉండే విషపదార్థం, సన్నని వేడిపై గంటల తరబడి వండే స్లో కుక్కర్ వేడికి పూర్తిగా నశించకపోవచ్చు. అందుచేత గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనిచ్చిన తర్వాతే గిన్నెలో వేయాలి. రెండోది నీటి కొలత. బార్లీ రాత్రంతా నీటిని పీలుస్తూనే ఉంటుంది. నియమం పాటించే ఇళ్లలో విశ్రాంతి దినం మొదలయ్యాక చన్నీళ్లు పోయడానికి గానీ, పొయ్యి మీద ఉన్న గిన్నెను కలియబెట్టడానికి గానీ వీలుండదు. అంచనా తప్పితే తెల్లారేసరికి అడుగంటుతుంది.

దఫీనాలో కాబూలీ శనగలు, పొట్టుతీసిన బంగాళాదుంపలు, పెంకుతో ఉన్న గుడ్లు, కొన్ని ఖర్జూరాలు మాంసం చుట్టూ పేరుస్తారు. పసుపు, జీలకర్ర, పాప్రికా, కాస్త దాల్చినచెక్క మసాలా. గోధుమలనో బియ్యాన్నో వెల్లుల్లితో పాటు పలుచని గుడ్డలో వదులుగా మూటకట్టి అదే గిన్నెలో దించుతారు. ఈ మూటలోనే దఫీనా గొప్పతనం ఉందని నా అభిప్రాయం: గింజ మాంసపు సారాన్ని తాగుతుంది కానీ పులుసులో కలిసిపోయి దాన్ని ముద్ద చేయదు. గుడ్ల పెంకు తీస్తే తెల్లసొన లేత గోధుమరంగుకు తిరిగి, మామూలు ఉడికిన గుడ్డులో లేని కమ్మదనంతో ఉంటుంది. వడ్డించేటప్పుడు మాంసం ఒక పళ్లెంలో, గోధుమలు ఒక పళ్లెంలో, శనగలు పులుసుతో వేరే గిన్నెలో పెట్టవచ్చు. అన్నం, కూర విడిగా చూసి కలుపుకునే అలవాటున్న తెలుగువారికి ఈ తీరు వెంటనే నచ్చుతుంది.

పరికరం ఏదైనా సరే, పొద్దుగూకక ముందే వంటకం సగమైనా ఉడికి ఉండేలా చూసుకోవాలి. మంటపై పరిచే లోహపు రేకు కన్నా, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపిన ఓవెన్‌లో గట్టి మూత ఉన్న ఇనుప గిన్నె పెట్టడం నాకు ఎక్కువ నమ్మకం. అన్ని వైపులా ఒకే వేడి అందుతుంది కాబట్టి అడుగంటే భయం తక్కువ.

కిలో మాంసంతో ఆరుగురికి తొలిసారి వండేవారు దఫీనాను ఎంచుకోవడమే మేలని గట్టిగా చెబుతాను. మసాలా పరిచితమైనది, రాజ్మా బెడద లేదు, నీటి కొలతలో చిన్న తేడా వచ్చినా వంట పాడవదు. బార్లీ జిగురు, మూలుగ రుచి కోరేవారు మాత్రం చోలెంట్‌కే వెళ్లాలి. దుంపల పైన రెండు అంగుళాలు నీళ్లు నిలిచేలా పోసి మూత బిగించాలి.