బీబీఏ లాజిస్టిక్స్: చదివి, అదే పనిలో ఏళ్ళు గడిపాక నా మాట

ఇంటర్ పూర్తయిన పిల్లల అమ్మానాన్నలు అడిగేది ఒకటే: "ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?" వస్తుంది. మొదటి ఉద్యోగం డిగ్రీ చూసి ఇస్తారు. ఆ తర్వాత ఎదగడం మాత్రం కాగితాల పని ఎంత వచ్చన్నదాని మీదే ఉంటుంది. నెల్లూరులో ఈ కోర్సు (సరుకు రవాణా, నిల్వల నిర్వహణ నేర్పే డిగ్రీ) చదివి, అప్పటి నుంచీ ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్‌లోనే, అంటే ఎగుమతి పత్రాల పనిలోనే ఉన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

కోర్సులో నాకు బాగా పనికొచ్చింది ఇన్వెంటరీ, వేర్‌హౌసింగ్ సబ్జెక్టులు. ముందు వచ్చిన సరుకు ముందు బయటికి పోవాలన్న చిన్న సూత్రం మీదే రొయ్యల కోల్డ్ స్టోరేజీ మొత్తం నడుస్తుంది. లెక్కలు కూడా బాగా నేర్పారు. లోటంతా పత్రాల దగ్గరే. పదకొండు ఇన్‌కోటెర్మ్స్ (ఖర్చు, బాధ్యత ఎక్కడిదాకా అమ్మేవాడివో, ఎక్కడి నుంచి కొనేవాడివో చెప్పే అంతర్జాతీయ షరతులు) బట్టీ పట్టించారు గానీ, ఒక్క అసలు ఇన్‌వాయిస్ చేతిలో పెట్టి "ఎఫ్‌ఓబీ అని ఉంది కదా, ఓడ కిరాయి ఎవరు కట్టాలి?" అని అడగలేదు (ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కేదాకానే అమ్మేవాడి బాధ్యత). ఆఫీసులో మొదటి రోజు అడిగేది అదే.

చీమకుర్తి గ్రానైట్ సంగతే చూడండి. గనిలోంచి తీసిన బ్లాకు 2516 కింద పోతుంది, దాన్నే కోసి పాలిష్ చేసి పలకగా పంపితే 6802. రాయి ఒకటే, హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే అంకె) వేరు. షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) అది తప్పు పడితే కస్టమ్స్ నుంచి క్వెరీ వస్తుంది, అది తేలేలోపు ఓడ కటాఫ్ (సరుకు అప్పగించాల్సిన ఆఖరి గడువు) దాటిపోతుంది. ఇలాంటివి మన ప్రాంతం సరుకుతోనే చెప్తే పిల్లలకు ఇట్టే ఎక్కుతాయి. పాఠాల్లో మాత్రం ఎక్కడివో విదేశీ కంపెనీల కథలే ఉండేవి. ఇది నాకు ఇప్పటికీ బాధే.

రొయ్యల కంటైనర్ అయితే టెన్షన్ ఇంకా ఎక్కువ. ప్లాంటులో లోడయిన రీఫర్ (చల్లబరిచే యంత్రం ఉన్న కంటైనర్) మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. చెన్నై, కాటుపల్లి పోర్టుల వైపు రోడ్డెక్కితే దారి పొడవునా ట్రైలర్ మీది జనరేటరే దిక్కు. బండి కదిలే ముందు డిస్‌ప్లే మీద టెంపరేచర్, సీల్ నంబరు, కంటైనర్ నంబరు మూడూ చదివి పత్రాలతో సరిచూడాలి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె ముందున్నవాటన్నిటి నుంచి లెక్కకట్టి వచ్చేది, అందుకే ఎక్కడైనా ఒక అంకె తప్పు కొడితే దాదాపు ఎప్పుడూ దొరికిపోతుంది. ఆ లెక్క వచ్చిన కుర్రాణ్ణి ఏ ఆఫీసూ వదులుకోదు.

దారులు చాలానే ఉన్నాయి. కృష్ణపట్నం పోర్టులో బొగ్గు, వంటనూనెల్లాంటి సరుకులు దిగుతాయి. ఓడ నీళ్ళలో ఎంత మునిగిందో చూసి సరుకు బరువు తేల్చే డ్రాఫ్ట్ సర్వే దగ్గర్నుంచి రైల్వే రేకుల (సరుకు రైళ్ళ) ప్లానింగ్ దాకా అక్కడ పని ఉంటుంది. తడ దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో స్టోర్స్, పర్చేజ్ ఉద్యోగాలున్నాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అయితే ఈ-వే బిల్లే (జీఎస్టీ కింద సరుకు తరలింపుకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ప్రాణం. విలువ 50 వేల రూపాయలు దాటిన సరుకుకు అది తప్పనిసరి, మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. లారీ దారిలో చెడిపోతే గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరాక ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవాలి. రాత్రి రెండింటికి డ్రైవరన్న ఫోన్ చేస్తే లేచి ఆ పని చెయ్యాల్సిందే.

నా మట్టుకు నాకు నచ్చిన దారి కస్టమ్స్ క్లియరెన్స్. కస్టమ్స్ బ్రోకర్ (ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టే లైసెన్సుదారు) దగ్గర చేరి జీ-కార్డు (ఆయన ఉద్యోగికి కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు కార్డు) పరీక్ష పాసైతే, ఆయన తరఫున షిప్పింగ్ బిల్లు మీద సంతకం పెట్టే అధికారం వస్తుంది. ఆడపిల్లలకు ఈ లైను కష్టమంటారు గానీ, డాక్యుమెంటేషన్ డెస్కుల మీద చాలా చురుగ్గా పనిచేస్తున్నవాళ్ళను చూస్తున్నాను.

జీతం గురించి దాచను. మొదట్లో చేతికొచ్చింది రూము అద్దెకు, బస్సులకే సరిపోయేది. పోర్టు, ఓడ అనగానే పెద్ద జీతం ఊహించుకుని వచ్చినవాళ్ళు మొదటి ఏడాదే మానేస్తారు. ఓపిక పట్టి కస్టమ్స్ పని, ఎక్సెల్ పట్టుకున్నవాళ్ళకు తర్వాత బాగానే పెరిగింది.

కాలేజీలో చేర్చే ముందు ఫీజు కంటే ముందు ఇవి అడగండి: మూడో ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉందా, ఏ కంపెనీలో, స్టైపెండ్ ఎవరిస్తారు, పిల్లల్ని కంటైనర్ యార్డు లోపలికి తీసుకెళ్తారా లేక గేటు బయట ఫోటో దిగి వస్తారా? నిరుడు అదే కాలేజీలో పూర్తిచేసిన ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు కూడా అడిగి తీసుకోండి. నంబర్లు ఇవ్వడానికి వెనకాడితే ఇంకో కాలేజీ చూసుకోవచ్చు.