కాలువ నీళ్ళకు 750 రూపాయల టర్బిడిటీ సెన్సర్: నాలుగు నెలలు వాడాక

గోదావరికి ఎర్రనీళ్ళు దిగాయంటే కోనసీమలో మా ఊరి మంచినీళ్ళ చెరువుకి పటిక ఎంత వేయాలో తేల్చేది ట్యాంకు ఆపరేటరు కళ్ళే. ఆయన అంచనా బాగానే ఉంటుంది, కానీ సెలవు పెట్టిన రోజున ఊరంతటికీ ఇబ్బంది. నీళ్ళు కలకగా ఉంటే క్లోరిన్ వేసినా మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు బతికిపోతాయి. పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, ఇది తెలిసి ఊరుకోలేక, నీళ్ళ కలక (టర్బిడిటీ) కొలిచే ఈ సెన్సర్ తెప్పించాను. వాషింగ్ మెషీన్లలో నీటి మురికి చూడ్డానికి పెట్టే రకం. డబ్బాలో కాగితం లేదు, బోర్డు మీద కంపెనీ పేరూ లేదు.

ముందే చెప్పేస్తాను, తాగే నీళ్ళు మంచివో కావో ఇది చెప్పలేదు. మన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం తాగునీటిలో కలక 1 ఎన్‌టీయూ (కలకని కొలిచే యూనిట్) లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 5 దాకా సరిపెట్టుకోవచ్చు. ఈ సెన్సర్‌కి 1కీ 5కీ తేడా తెలియదు. పటిక వేయకముందు నీళ్ళు ఎంత కలకగా ఉన్నాయో చూడ్డానికైతే పనికొస్తుంది. అదీ కాలిబ్రేట్ చేసుకుంటేనే, అంటే కలక ఎంతో ముందే తెలిసిన నీళ్ళతో దీని అంకెని సరిచూసుకుంటేనే.

నీళ్ళు తేటగా ఉన్నకొద్దీ ఇది ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. ఆ వోల్టేజీని ఎన్‌టీయూలోకి మార్చడానికి నెట్‌లో ఈ రకం సెన్సర్‌కి అందరూ ఒకే సమీకరణం ఎత్తి రాసుకుంటున్నారు. వోల్టేజీ వర్గాన్ని మైనస్ 1120.4తో, వోల్టేజీని 5742.3తో గుణించి, రెండూ కలిపి, అందులోంచి 4352.9 తీసెయ్యమంటారు. నేనూ అదే పెట్టి చూశాను. డిస్టిల్డ్ వాటర్‌లో నా సెన్సర్ 3.92 వోల్టులు ఇచ్చింది. లెక్క వేస్తే 940 ఎన్‌టీయూ! ఎదురుగా గ్లాసులో నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఆ సమీకరణం 4.2 వోల్టులు వస్తేనే సున్నా దగ్గరికి వస్తుంది. పైగా ఆ చివర 10 మిల్లీవోల్టులు తేడా వస్తే 37 ఎన్‌టీయూ మారిపోతుంది. సెన్సర్ వోల్టేజీని చదవడానికి తగిలించిన ఆర్డుయినో యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు చదవగలిగే అతి చిన్న మెట్టే దాదాపు 5 మిల్లీవోల్టులు, అంటే 18 ఎన్‌టీయూ. తర్వాత వోల్టేజీని ఇంకా సన్నగా చదివే ఏడీఎస్1115 చిప్పు తగిలిస్తే మెట్లు సన్నబడ్డాయి గానీ, మధ్యాహ్నం ప్రోబు (సెన్సర్‌లో నీళ్ళలో ముంచే భాగం) వేడెక్కితే అంకె జరగడం మాత్రం పోలేదు. బోర్డు మీది చిన్న స్క్రూ తిప్పితే సరిపోతుందనుకోకండి, నా బోర్డులో అది డిజిటల్ మోడ్‌లో, అంటే కలక హద్దు దాటిందో లేదో మాత్రమే చెప్పే పద్ధతిలో, ఆ హద్దు పెట్టుకోవడానికే.

సెన్సర్‌ని సరిచూడ్డానికి మా ల్యాబులో 4000 ఎన్‌టీయూ ఫార్మాజిన్ సీసా ఉంది, కలక కొలతకి ప్రమాణంగా వాడే తెల్లటి ద్రవం. హైడ్రజీన్ సల్ఫేట్‌తో చేసేది, విషం. దయచేసి ఇంట్లో కలపబోకండి. అందులోంచి 2.5 మి.లీ. తీసి డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ.కి నింపితే 100 ఎన్‌టీయూ. 5 మి.లీ. అయితే 200, 10 అయితే 400, 20 అయితే 800. అడుగున పేరుకుంటుంది కాబట్టి సీసా బాగా కలిపి తీయాలి. పలచన చేశాక బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుంది. మొదటి రోజు 200 దగ్గర అంకె నిలవలేదు, గంటసేపు తంటాలు పడ్డాను. చివరికి ప్రోబుని దీపానికి అడ్డంగా పెట్టి చూస్తే రెండు కాళ్ళ మధ్య ఆవగింజంత గాలి బుడగ అంటుకుని ఉంది. వేలితో తట్టగానే అంకె కుదురుకుంది. ఇంకోటి, ట్యూబులైటు ఆర్పితే రీడింగు మారింది. అప్పట్నుంచి లోపల నల్లరంగు వేసిన పాలపొడి డబ్బాలోనే కొలుస్తున్నాను.

ఫార్మాజిన్ తెల్లన, మన కాలువ మట్టి ఎర్రన. వెలుగుని రెండూ ఒకేలా అడ్డుకోవు. అందుకే కాలువ నీళ్ళు బకెట్‌తో తెచ్చి, సగం, పావు, అరపావు పలచన చేస్తూ కాలేజీ నెఫలోమీటరు (కలకని కచ్చితంగా కొలిచే ల్యాబు మీటరు)లోనూ దీనిలోనూ పక్కపక్కనే కొలిచి, ఎన్ని వోల్టులకి ఎంత కలకో చూపే నా గీత నేనే గీసుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు నెఫలోమీటరు 240 అంటే ఇది 225 అంది. 50కి దిగువన మాత్రం నమ్మను. తేరిన నీళ్ళలో ఒకసారి 12, పది నిమిషాలకే 48 చూపించింది.

"చెంబులో పోసి చూస్తే తెలిసిపోద్ది కదండీ మాస్టారూ" అన్నాడు ఆపరేటరు. నిజమే, మా అమ్మ రాత్రి బిందెలో చిల్లగింజ అరగదీసి పెడితే పొద్దుటికి నీళ్ళు తేటపడేవి, ఏ మీటరూ లేదు. కానీ రోజూ ఎంత కలక, ఎంత పటిక అని నోటుబుక్కులో రాసి ఉంటే ఆయన లేని రోజున వచ్చినవాళ్ళకి ఆధారం ఉంటుంది. రెండు వారాలయ్యాక ఆయనే ఫోన్ చేసి "ఇయ్యాళ ఎంతుందండీ?" అని అడగడం మొదలుపెట్టాడు.

ప్రోబు పై భాగం తడిస్తే పాడవుతుంది, కాళ్ళు మాత్రమే ముంచండి. వారానికోసారి మెత్తటి బ్రష్షుతో నాచు తుడవండి, లేకపోతే తేట నీళ్ళకీ కలక చూపిస్తుంది. ఒకటి పాడైతే ఉంటుందని అదే దుకాణంలో రెండోది కొన్నాను. అది డిస్టిల్డ్ వాటర్‌లో 4.07 వోల్టులు ఇచ్చింది. దానికి మళ్ళీ మొదట్నుంచీ వేరే గీత గీయాల్సి వచ్చింది.