రంగులకి ఫుల్ మార్కులు, లాట్ నంబర్ దగ్గరే దెబ్బతిన్న

సికింద్రాబాద్ జనరల్ బజార్‌ల చీరల షాపుల మధ్య ఒక సందుల చిన్న ఊలు షాపు ఉంటది, పేరు రాస్తలేను ఎందుకంటే కింద కొంచెం తిట్టేది కూడా ఉంది. హైదరాబాద్ చలికి స్వెటర్ ఎందుకే అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతది గానీ డిసెంబర్ల పొద్దున్నే స్కూల్ బస్సు కోసం నిలబడే పిల్లలకి తెలుస్తది, అందుకే మా అక్క కొడుకుకి ఒకటి అల్లుదామని పోయిన.

నాకు అల్లికల డిజైన్లు రావు. సీదా కుట్టు, ఉల్టా కుట్టు, అంతే. ఇగ ఏం చేసినా రంగులతోనే చేయాలె. ముందు నేను తీసినయ్ ఎరుపు, పచ్చ, పసుపు, కౌంటర్ మీద పెడితే గణపతి మండపం లెక్క ఉన్నయ్. అక్కడి పెద్దాయన వాటిని పక్కకి జరిపి "గద్వాల్ చీర చూడలేదా అమ్మా" అన్నడు. నిజమే కదా, ఒళ్ళంతా ఒకటే రంగు, అంచు దానికి పూర్తిగా ఎదురు రంగు! ఒంటికి గంధం రంగు తీస్కున్న, కింద అంచుకి, చేతుల చివర్లకి, మెడకి నెమలికంఠం, ఆ అంచు పైన మిరపపండు ఎరుపు రెండే రెండు వరసలు. ఆ రెండు వరసలతోనే స్వెటర్‌కి కళ వచ్చింది, ఇంకో నాలుగు వేస్తే చెడిపోతుండె.

ఇంకోటి కూడా చెప్పిండు, ఉండలు పక్కపక్కన పెట్టి ఫోన్ల బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయమని. నా ఎరుపు, పచ్చ రెండూ ఒకటే బూడిద రంగుల వచ్చినయ్, అట్లాంటివి సన్న చారలు అల్లితే దూరం నుంచి మట్టి రంగు లెక్క కలిసిపోతయ్ అంట. ట్యూబ్‌లైట్ కింద నేవీ బ్లూ కూడా నలుపు లెక్కనే ఉంటది కాబట్టి ఉండలు రోడ్డు మీదికి తీస్కపోయి ఎండల చూడనిచ్చిండు, దానికే ఒక స్టార్ ఎక్కువ.

ఇగ తిట్టుడు. గంధం రంగు నాలుగు ఉండలు సరిపోతయన్నడు, సరిపోలే, రెండో చెయ్యి సగంల అయిపోయింది. పది రోజులకి మళ్ళ పోతే అదే కంపెనీ, అదే షేడ్ నంబర్ ఇచ్చిండు కానీ లాట్ (అంటే ఒక్కసారి కలిపి రంగేసిన ఊలు) వేరే, ఇంటికొచ్చి చూస్తే పసుపు ఎక్కువ కొడ్తుంది. లేబుల్ మీద లాట్ నంబర్ చూస్కోమని ఒక్క మాట ముందే చెప్తే ఏం పోతది? అడిగితే "అల్లినంక తెల్వదమ్మా" అంటడు. తెలుస్తది సార్, మస్తు తెలుస్తది. రెండు చేతులూ విప్పి పాత ఉండతో రెండు వరసలు, కొత్త ఉండతో రెండు వరసలు మార్చి మార్చి అల్లిన, రెండేసి వరసలైతే దారం తెంపే పని కూడా ఉండదు, పక్క నుంచే పైకి వస్తది. మా అక్క అదేదో డిజైన్ అనుకుంది, నేను కూడా అవునన్న.

(ఒక సీదా ఒక ఉల్టా అంచుల రంగు మార్చేటప్పుడు కొత్త రంగు మొదటి వరస మొత్తం సీదానే అల్లండి, లేకుంటే ఉల్టా కుట్ల దగ్గర పాత రంగు చుక్కలు చుక్కలుగ కనిపిస్తది.)

ఐదుల మూడున్నర. పార్కింగ్ ఆశ పెట్టుకోవద్దు, మెట్రోల ప్యారడైజ్ దాకా వచ్చి ఆటో ఎక్కండి. ఆయన ఎన్ని ఉండలు చెప్తే దాని మీద ఇంకోటి అదే లాట్‌ది తీస్కోండి, మిగిలితే టోపీ అయితది.