కార్డు లెక్క, లినక్స్ లెక్క: హార్డ్‌వేర్ రైడ్‌పై దీర్ఘకాల వాడుకరి సమీక్ష

ఒడిశాలోని రాయగడలో ఉన్న మా స్టూడియోలో పెళ్లి వీడియోలన్నీ ఒకే టవర్ సర్వర్‌లో ఉంటాయి. అందులో ఎనిమిది పోర్టుల హార్డ్‌వేర్ రైడ్ కార్డు (పలు డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కులా, అంటే ఒక శ్రేణిగా, చూపించేది), దానికి తగిలించిన 4 టీబీ డిస్కులు, వాటి మీద రైడ్ 5 (ఒక డిస్కంత చోటు వదులుకొని, ఒక డిస్కు పాడైనా డేటా పోనివ్వని అమరిక), ఆపైన డెబియన్ అనే లినక్స్ ఉన్నాయి. తెలుగువారి పెళ్లిళ్లూ ఒడియావారి పెళ్లిళ్లూ ఒకే నెలల్లో వచ్చిపడతాయి కనుక ప్రతి వేసవిలోనూ మాకు చోటు చాలదు. ఇన్నేళ్లలో డిస్కులు పాడయ్యాయి, కరెంటు లెక్కలేనన్నిసార్లు పోయింది; అయినా కార్డుపై బ్యాటరీతో నడిచే క్యాష్ (రాయాల్సిన డేటాను కాసేపు పట్టి ఉంచే మెమరీ) పుణ్యమా అని ఒక్క ఫైలూ పోలేదు. ఆ విషయంలో దీనికి వంక పెట్టలేను. నన్ను విసిగించినదల్లా పరిమాణాల పేచీయే: కార్డు ఒక అంకె చెబుతుంది, లినక్స్ మరొకటి చెబుతుంది, ఖాళీ చోటు చెప్పే డీఎఫ్ ఆదేశం ఇంకొకటి చూపిస్తుంది.

ఈ తేడాల్లో కొన్ని అసలు తేడాలే కావు. డిస్కు పెట్టె మీద 4 టీబీ అంటే నాలుగు లక్షల కోట్ల బైట్లు. దానినే 1024 లెక్కన చూపితే 3.64 అవుతుంది. మా కార్డుతో వచ్చిన నిర్వహణ సాధనం 1024 లెక్కే వేసి, పక్కన మాత్రం టీబీ అని రాస్తుంది, అక్కడే సగం మంది బోల్తా పడతారు. కాబట్టి డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశానికి మైనస్ బి జోడించి బైట్లలో చూసేదాకా ఏ నిర్ణయానికీ రాకూడదు.

నిజంగా తగ్గే చోటు కొంత ఉంది. 4 టీబీ డిస్కులో 512 బైట్ల సెక్టార్లు (డిస్కును కొలిచే చిన్న ముక్కలు) 7814037168 ఉంటాయి. మా కార్డు డిస్కు చివర 512 ఎంబీని తన సొంత వివరాలకు ఉంచుకొని, మిగిలినదాన్ని కొంచెం కిందికి సవరిస్తుంది. అందువల్ల 3.638 ఉండాల్సినది 3.637గా కనిపిస్తుంది. ఈ సవరణ వల్లనే, పాడైన డిస్కు స్థానంలో విశాఖపట్నం నుంచి తెప్పించిన వేరే కంపెనీ డిస్కు నాలుగు సెక్టార్లు తక్కువైనా ఇమిడిపోతుంది. ఆ చిన్న నష్టాన్ని నేను సంతోషంగా భరిస్తాను.

అయితే వేరే కంప్యూటర్లో చివరి సెక్టారు దాకా విభజించిన పాత డిస్కును తెచ్చి ఈ కార్డుకు తగిలించి, ఒంటి డిస్కు శ్రేణిగా చేస్తే కథ మారుతుంది. విభాగం (పార్టిషన్) తోక కార్డు దాచుకున్న భాగంలోకి పోతుంది. దాని మీది ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మౌంట్ కాదు, అంటే తెరుచుకోదు. కెర్నల్ (లినక్స్ మూలభాగం) లాగ్‌లో 'బ్యాడ్ జామెట్రీ' అంటూ, బ్లాకుల సంఖ్య పరికరం పరిమాణాన్ని మించిందని వస్తుంది. ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే కూడా ఇదే చెప్పి, ఆపమంటారా అని అడుగుతుంది. ఆపమనే చెప్పాలి. డిస్కును మళ్లీ మదర్‌బోర్డు పోర్టుకు తగిలించి, డేటాను అక్కడి నుంచి నకలు చేసుకోవడమే క్షేమం.

మాకు ఎక్కువ పని పెట్టినది శ్రేణిని పెంచడం. నాలుగు డిస్కులకు ఐదోది చేర్చినప్పుడు, రోజుల తరబడి నెమ్మదిగా సాగిన పునర్వ్యవస్థీకరణ ముగిశాక, కార్డు (1024 లెక్కన) 14.55 టీబీ అని చూపించింది, లినక్స్ మాత్రం 10.9 దగ్గరే నిలిచింది. ఇందులో లోపమేమీ లేదు. పరికరం పెరిగిందని కెర్నల్‌కు ఎవరూ చెప్పలేదంతే. సిస్ డైరెక్టరీలో ఆ పరికరానికి ఉన్న రీస్కాన్ ఫైలులో 1 రాయగానే డిస్కు పెద్దదైంది, విభాగం మాత్రం పాత కొలతలోనే ఉంది. విభాగాలను మార్చే పార్టెడ్ తెరిస్తే, చోటంతా వాడుకలో లేదనీ జీపీటీని (డిస్కు విభాగాల పట్టికను) సరిచేయమంటారా అనీ అడిగింది. జీపీటీ నకలు పట్టిక డిస్కు చివరన ఉండాలి, డిస్కు పెరిగాక అది మధ్యలో మిగిలిపోతుంది; అందుకే ఆ ప్రశ్న. సరిచేయమని చెప్పి, అందులోని రీసైజ్‌పార్ట్‌తో విభాగాన్ని చివరిదాకా సాగదీసి, ఆపై ఫైల్‌సిస్టమ్‌ను పెంచే రీసైజ్2ఎఫ్‌ఎస్ నడిపితే అప్పటికి డీఎఫ్ అంకె కదిలింది. అదీ పూర్తిగా కాదు: ఈఎక్స్‌టీ4 మామూలుగా అయిదు శాతం రూట్‌కు (నిర్వాహక ఖాతాకు) అట్టిపెడుతుంది, ఇంత పెద్ద విభాగంలో అది ముప్పావు టీబీకి దగ్గరగా ఉంటుంది. వీడియోలు మాత్రమే ఉండే చోట ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో దాన్ని ఒక శాతానికి తగ్గించాను.

ఆరో డిస్కు చేర్చాలనుకునేవారు ముందే చూసుకోవలసినది ఒకటుంది. అప్పుడు శ్రేణి 18 టీబీ దాటుతుంది; 64 బిట్ లక్షణం లేకుండా తయారైన పాత ఈఎక్స్‌టీ4, 4 కేబీ బ్లాకులతో 16 టీబీని దాటి పెరగదు. జీపీటీకి ముందు తరపు ఎంబీఆర్ పట్టికైతే 2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. కొత్తగా కట్టేవారికి నా సలహా, శ్రేణి మీద విభాగమే పెట్టకుండా నేరుగా ఎల్‌వీఎం (చోటును కావలసినట్లు పంచే లినక్స్ పొర) వేయడం; పెంచినప్పుడు జీపీటీ బాధ తప్పి, రీస్కాన్ తరువాత పీవీరీసైజ్‌తో సగం పని తీరుతుంది.

కార్డుపై నాకు మిగిలిన అసలు అసంతృప్తి ఏమిటంటే, దాని కరపత్రం శ్రేణి పెరగడంతో ఆగిపోతుంది. ఆ తరువాతి మెట్ల ఊసే లేదు. అయిదుకు నాలుగు ఇస్తాను. కరెంటు నిలకడగా ఉండి, డిస్కులు నాలుగే ఉంటే, కార్డు లేకుండా లినక్స్‌లోనే రైడ్ నడిపే ఎండీఆడమ్ చాలు, దాని శ్రేణిని ఏ లినక్స్ యంత్రమైనా చదువుతుంది. ఈ కార్డు చెడిపోతే మాత్రం అదే కుటుంబానికి చెందిన మరో కార్డు కావాలి, రాయగడ దుకాణాల్లో అది దొరకదు. అందుకే పాతదొకటి కొని బీరువాలో ఉంచాను.